సున్నపు చుక్కతో శిశువు మెదడు పెరుగునా?

గత సంవత్సరం ఒక ఆదివారం ఉదయం, మేమంతా పిన్నిగారని పిలుచుకునే ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చి, తన పెద్దకోడలికి నెల తప్పిందన్న శుభవార్త చెప్పారు. ఆ సంతోషంలోనే, "బాబూ! అమ్మాయికి రోజూ గోధుమగింజంత సున్నం పెరుగులో కలిపి ఇస్తున్నాను. బిడ్డ మెదడూ నరాలూ మొట్టమొదట కాల్షియంతోనే మొదలవుతాయని ఎవరో వ్రాసినది ఫోనులో వచ్చింది. సున్నమంటే కాల్షియమే కదా! మంచిపనే చేస్తున్నానంటావా?" అని అడిగారు.

"ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటున్నదా పిన్నిగారూ?" అన్నాను.

"అబ్బే, ఇంకా డాక్టరుకే చూపించలేదు. మూడో నెల వచ్చాక వెళదామనుకున్నాం. ఇప్పటినుంచే మందులెందుకు, వేడి చేస్తాయి" అన్నారావిడ.

నెల తప్పి ఎన్నాళ్ళయిందని లెక్క వేస్తే అప్పటికే ఇరవై రోజులు దాటింది. ఆ లెక్క వినగానే నా మనసు కలుక్కుమన్నది. ఎందువల్లనో పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. పిన్నిగారికి అందిన సమాచారంలో సగం నిజం ఉన్నది. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు ఖండిస్తారు. సగం నిజం మాత్రం పెద్దమనిషి వేషంలో ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది.

కాల్షియం కథలోని నిజం

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్ళు గుర్తుకు వస్తాయి. అది సహజమే. పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటే, అందులో నూటికి 99 వంతులు ఎముకలలోను, దంతాలలోను ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క వంతు చేసే పని మాత్రం అపారం. 1883లో లండన్ నగరంలో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్పగుండెను ఉప్పుద్రావణంలో ఉంచి పరిశీలిస్తూ ఒక వింత గమనించాడు. కుళాయినీటితో చేసిన ద్రావణంలో గుండె చక్కగా కొట్టుకున్నది. స్వేదనజలంతో చేసిన ద్రావణంలో కొద్దిసేపటికే ఆగిపోయింది. కుళాయినీటిలో కరిగి ఉన్న రవ్వంత సున్నపు అంశమే ఆ గుండెను నడిపించినదని ఆయన తేల్చాడు. ప్రాణమున్న కణం పని చేయడానికి కాల్షియం ఎంత ముఖ్యమో లోకానికి అప్పుడు తెలిసింది.

ఇక పిండం విషయానికి వద్దాం. పిండం తొలిదశలో ఒక పలుచని పొరవలె ఉంటుంది. ఆ పై పొరను బహిస్త్వచం అంటారు. అందులో కొన్ని కణాలు చర్మంగా మారుతాయి, కొన్ని మెదడుగా, వెన్నుపాముగా మారుతాయి. ఏ కణం ఎటు పోవాలో నిర్ణయించేదెవరు? 1924లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు హాన్స్ స్పెమాన్, హిల్డె మాంగోల్డ్ ఉభయచర జీవుల పిండంలోని ఒక చిన్న ముక్కను తీసి వేరొక పిండంలో అతికించారు. ఆ ముక్క ప్రభావంతో, చర్మం కావలసిన పొరుగు కణాలు మెదడుగా, వెన్నుపాముగా రూపొందాయి. అంటే ఆ ముక్క నుంచి పొరుగు కణాలకు ఏదో సంకేతం అందుతున్నదన్నమాట.

ఆ సంకేతం కణం లోపలికి ఎలా చేరుతుందో చూడడానికి తరువాతి కాలంలో ఒక చక్కని సాధనం లభించింది. 1962లో ఒసాము షిమోమురా అనే జపాన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక జెల్లీచేప నుంచి ఈకోరిన్ అనే మాంసకృత్తును వేరు చేశారు. కాల్షియం తగలగానే అది నీలికాంతితో వెలుగుతుంది. దీనిని కప్పపిండాలలో ప్రవేశపెట్టి ఫ్రాన్సులోని టూలూజ్ నగర శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశీలనలు ఆశ్చర్యకరమైనవి. నాడీమండలం ఏర్పడబోయే చోట, వెన్నువైపు ఉన్న బహిస్త్వచ కణాలలో కాల్షియం మెరుపులు కనిపించాయి. కణాలలోనికి కాల్షియం వెళ్ళే మార్గాలను ఒక మందుతో అడ్డగించినపుడు ఆ మెరుపులు ఆగిపోయాయి. అటువంటి పిండాలలో నాడీమండలం ముందుభాగం తీవ్రంగా లోపించింది.

కాల్షియం పని అంతటితో తీరదు. పొరుగు కణాలు ఒకదానినొకటి పట్టుకొని ఉండడానికి తోడ్పడే కెడ్‌హెరిన్ అనే మాంసకృత్తులు కాల్షియం ఉంటేనే పట్టు నిలుపుకుంటాయి. చదునుగా ఉన్న నాడీఫలకం ముడుచుకొని గొట్టంగా మారే సమయంలోను కప్పపిండాలలో కాల్షియం మెరుపులు కనిపించాయి. ఆపైన పుట్టిన లేత నాడీకణాలు, తమలో తమకు ఇంకా సంబంధాలు ఏర్పడకముందే, కాల్షియం సంకేతాలతో స్పందిస్తూ ఉంటాయి. ఈ ప్రయోగాలు మానవపిండంపై చేసినవి కావు, చేయదగినవీ కావు. అయితే కణాలలో కాల్షియం సంకేతంగా పనిచేసే ఏర్పాటు మనలోను ఉన్నది. కనుక "మెదడుకు నాంది పలికే సంకేతాలలో కాల్షియం ఒకటి" అన్నంతవరకు పిన్నిగారికి అందిన మాట నిజమే.

చెరువు నిండితే చాలదు, తూము తెరవాలి

చిక్కంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. "మెదడు పుట్టుకకు కాల్షియం కావాలి, సున్నంలో కాల్షియం ఉన్నది, కనుక సున్నం తింటే మెదడు బాగుంటుంది" అన్న తర్కం వినడానికి ఇంపుగా ఉంటుంది గాని నిలువదు.

కణం వెలుపల ఉండే కాల్షియం, కణం లోపల కరిగి ఉండే కాల్షియానికి సుమారు పదివేల రెట్లు అధికం. లోపలికి వచ్చినదానిని కణం ఎప్పటికప్పుడు శక్తిని వెచ్చించి బయటికి తోడివేస్తూనే ఉంటుంది. అవసరమైన క్షణాన మాత్రమే తలుపు కొద్దిగా తెరుచుకొని, చప్పున మూసుకుంటుంది. ఆ క్షణకాలపు రాకయే సంకేతం. చెరువులో నీరు ఎప్పుడూ ఉన్నదే. పొలానికి నీరు పారేది తూము తెరచినపుడే. తూము తెరవడం మన చేతిలో లేనపుడు చెరువులో మరో రెండు కడవలు పోసి ప్రయోజనమేమిటి?

పైగా ఆ చెరువు మట్టాన్ని కూడా శరీరం తానే కాపాడుకుంటుంది. తల్లి రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండేటట్లు పారాథైరాయిడ్ గ్రంథులు, విటమిన్ డి, ఎముకలు, మూత్రపిండాలు కలిసి చూసుకుంటాయి. తక్కువైతే ఎముకల నుంచి తీస్తాయి, ఎక్కువైతే బయటికి పంపుతాయి. ఇంకొక మాట. గర్భం నిలిచిన తొలివారాలలో మాయ ద్వారా తల్లిరక్తం పూర్తిస్థాయిలో ప్రవహించడం ఇంకా మొదలుకాదు. గర్భాశయపు లోపలి పొర స్రవించే రసాలే పిండానికి ప్రధాన పోషణ. ఉదయం పెరుగులో కలిపిన సున్నం సాయంత్రానికి బిడ్డ మెదడులో మెరుపుగా మారుతుందనుకోవడం మన ఆశ మాత్రమే.

సున్నపు పరిమాణం సంగతి కూడా చూద్దాం. గోధుమగింజంత తడిసున్నంలో లభించే కాల్షియం కొన్ని పదుల మిల్లీగ్రాములకు మించదు. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 240 మిల్లీగ్రాములుంటుంది. ఈ స్వల్పలాభం కోసం ఘాటైన క్షారాన్ని, అది గోడలకు వేసే సున్నమో తినదగిన సున్నమో తెలియకుండా, గర్భిణి కడుపులో వేయడమా? తాంబూలంలో సున్నం ఒక రవ్వ ఎక్కువైతే నోరు పొక్కుతుందని మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. తాంబూలం మాట వచ్చింది కనుక ఇది కూడా చెప్పాలి: వక్కను క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2004లోనే నిర్ధారించింది. కాల్షియం పేరిట గర్భిణికి తాంబూలం అలవాటు చేయడం మంచిది కాదు.

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడరాదని పేర్కొన్న మూడు ద్రవ్యాలలో పిప్పలి, లవణాలతో పాటు క్షారం కూడా ఉన్నది. గర్భిణి తీక్ష్ణమైన, ఉష్ణమైన పదార్థాలను వర్జించాలని కూడా మన ఆచార్యులే చెప్పారు. సున్నపు చిట్కాను ఆయుర్వేదం పేరుతో ప్రచారం చేసేవారు ఈ మాటలను ఎందుకు విస్మరిస్తారో నాకు అర్థం కాదు.

ఇరవై ఎనిమిది రోజుల గడువు

అసలు ప్రమాదం సున్నంలో కన్నా, సున్నం ఇచ్చామన్న ధీమాలో ఉన్నది. నాడీఫలకం ముడుచుకొని ఏర్పడే గొట్టాన్ని నాడీనాళం అంటారు. మెదడు, వెన్నుపాము రెండూ దానినుంచే రూపొందుతాయి. గర్భం నిలిచిన నాటినుంచి సుమారు 28 రోజులకు ఈ నాళం రెండు చివరలా మూసుకుపోవాలి. పైకొన మూసుకోకపోతే మెదడు, కపాలం సరిగా ఏర్పడవు. అటువంటి శిశువు బ్రతకదు. క్రిందిభాగం మూసుకోకపోతే వెన్ను తెరచుకొని పుట్టే బిడ్డకు కాళ్ళు చచ్చుబడడం, మలమూత్రాలపై అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి బాధలు జీవితాంతం వెంటాడవచ్చు.

డాక్టర్లు గర్భాన్ని చివరి బహిష్టు తేదీనుంచి లెక్కిస్తారు. ఆ లెక్కలో ఈ 28వ రోజు ఆరవవారం చివరన వస్తుంది. అంటే నెల తప్పిన తరువాత మిగిలేది రెండువారాల గడువు మాత్రమే. పిన్నిగారి కోడలికి నెల తప్పి ఇరవై రోజులు దాటినదన్నప్పుడు నా మనసు కలుక్కుమన్నది అందుకే. ఆ అమ్మాయి కడుపులోని శిశువు నాడీనాళం అప్పటికే మూసుకొని ఉండాలి, లేదా మూసుకోకుండా ఉండిపోయి ఉండాలి. ఇక మూడో నెలలో డాక్టరు దగ్గరకు వెళ్ళి మాత్ర తెచ్చుకుంటే, నాళం విషయంలో అది చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందమే అవుతుంది.

ఇక్కడ "ఆకు" అన్నమాట యాదృచ్ఛికమైనా సార్థకమైనది. ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు లాటిన్ భాషలో ఆకు అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. 1941లో పాలకూర ఆకులనుంచి దానిని వేరు చేశారు. దాని చరిత్రకు మన దేశంతో సంబంధమున్నది. 1928 నుంచి లూసీ విల్స్ అనే ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో బట్టలమిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనతను పరిశోధించి, ఈస్టుసారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని గుణకారి ఫోలేటేనని తరువాత తేలింది. 1991లో ఇంగ్లండు వైద్యపరిశోధనా మండలి ప్రకటించిన పెద్ద ప్రయోగంలో, ఒకసారి ఇటువంటి లోపంతో బిడ్డ కలిగిన తల్లులు తిరిగి గర్భం దాల్చకముందునుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకొనగా, ఆ లోపం మళ్ళీ వచ్చే ప్రమాదం నూటికి 72 వంతులు తగ్గినది.

నాడీనాళం మూసుకొనడానికి ఇంటివారు నిజంగా చేయగలిగిన సాయం ఇదే. సామాన్యంగా స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, గర్భం కోరుకున్ననాటినుంచి పన్నెండువారాలు నిండేవరకు అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. మునుపు ఇటువంటి బిడ్డ కలిగినవారు, మూర్ఛకు మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు గర్భానికి ముందే డాక్టరును సంప్రదించాలి. వారికి మోతాదులు, మందులు వేరుగా నిర్ణయించవలసి ఉంటుంది.

మన శాస్త్రం మొదలుపెట్టేది ఎక్కడ?

"ఆయుర్వేద పత్రికలో ఈ మాత్రల పొగడ్త ఏమిటి?" అని కొందరు పాఠకులు నన్ను నిలదీయవచ్చు. వారికి నా మనవి ఇది. గర్భంలో మొదట ఏ అవయవం పుడుతుందన్న ప్రశ్నపై సుశ్రుతసంహితలో ఒక చర్చ ఉన్నది. శిరస్సని శౌనకుడు, హృదయమని కృతవీర్యుడు, నాభియని పారాశర్యుడు, ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్క అభిప్రాయం చెప్పారు. వెదురుమొలకలోను, మామిడికాయలోను అన్ని భాగాలూ సూక్ష్మంగా ఒకేసారి ఏర్పడినట్లే ఇక్కడా జరుగుతుందని ధన్వంతరి తీర్పునిచ్చాడు. భిన్నాభిప్రాయాలను దాచకుండా ముందుంచి, కారణం చూపి తేల్చడం ఆ ఋషుల పద్ధతి. కొత్త ప్రమాణం దొరికినపుడు దానిని స్వీకరించడం ఆ పద్ధతికి విరుద్ధం కాదు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. మన ఆచార్యులు గర్భిణీచర్యను గర్భం తరువాత మొదలుపెట్టలేదు. పంటకు వలెనే గర్భానికి కూడా ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కూడిరావాలని సుశ్రుతుడు చెప్పాడు. విత్తనం పడకముందే క్షేత్రాన్ని సిద్ధం చేయాలన్నది అందులోని సారం. చరకుడు శారీరస్థానంలో దంపతులకు ముందుగా శోధనను, ఆపైన స్త్రీకి నూనె, మినుములతో కూడిన ఆహారాన్ని విధించాడు. ఫోలేటును దృష్టిలో పెట్టుకొని ఆయన అలా చెప్పాడని నేను అనను. అటువంటి వాదన మన శాస్త్రానికి గౌరవం కాదు. కానీ "ముందునుంచే" అన్న సూత్రం మాత్రం ఆయనదే, నేటి వైద్యానిదీ అదే.

గర్భం నిలిచిన మొదటినెలలో చరకుడు విధించినది ఏమిటి? ఏ ఔషధాలూ కలపని పాలు, హితమైన భోజనం. అంతే. నిండుగా నూనె ఉన్న పాత్రను తొణకకుండా పట్టుకున్నట్లు గర్భిణిని చూసుకోవాలన్నాడు. ఆ నెలలో శంఖభస్మం, ప్రవాళభస్మం, ముక్తాశుక్తి భస్మం, కోడిగుడ్డు పెంకుల భస్మం మొదలైనవి కాల్షియం కోసమంటూ సొంతంగా కొని ఇవ్వడం ఆయన చెప్పిన మార్గం కాదు. భస్మం అవసరమా, ఎంత, ఏ అనుపానంతో అన్నది అర్హుడైన వైద్యుడు చూసి చెప్పవలసిన విషయం.

మరి కాల్షియం అక్కరలేదా?

తప్పక కావాలి. అయితే దాని వేళ వేరు, దాని పని వేరు. నెలలు నిండిన శిశువు శరీరంలో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో అధికభాగం చివరి మూడునెలలలోనే చేరుతుంది. ఆ అవసరానికి తగినట్లు తల్లి ప్రేగులు ఆహారంలోని కాల్షియాన్ని రెట్టింపు సమర్థతతో గ్రహిస్తాయి. ఆహారంలో కాల్షియం తక్కువైన ప్రాంతాలలో, గర్భిణికి అది అందిస్తే రక్తపోటు పెరిగి గుర్రపువాతానికి దారితీసే ప్రమాదం తగ్గుతుందని కూడా రుజువైనది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ద్వారా భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం గర్భిణికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలిచ్చే తల్లికి 1200. దీనికి మన వంటింటిలోనే మార్గమున్నది. వంద గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములు, తోటకూరలో సుమారు 330, మునగాకులో 300కు పైగా, నువ్వులలో వెయ్యికి పైగా ఉంటుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేటు దానిని ఒంటికి పట్టనివ్వదు. అయినా ఫోలేటు కోసం పాలకూరను తినవచ్చు. ఆకుకూరలను ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే ఫోలేటు నష్టమవుతుంది. ఉదయం రాగిజావ, రెండుపూటలా గ్లాసెడు పాలు లేక పెరుగు, మధ్యాహ్నం పప్పులో ఆకుకూర, కూరలో చెంచాడు నువ్వులపొడి — ఇది ఏ మధ్యతరగతి కుటుంబానికీ భారం కాదు.

ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాల్షియం మాత్రలు పద్నాలుగవ వారం నుంచి రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాముల చొప్పున, భోజనంతో పాటు తీసుకోవాలి. ఇనుము మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి మింగరాదు. కనీసం రెండుగంటల ఎడం ఉండాలి. మూత్రపిండాలలో రాళ్ళున్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

పిన్నిగారి మనుమడు ఆరోగ్యంగా పుట్టాడు. చాలామంది పిల్లలు ఏ మాత్రా లేకపోయినా ఆరోగ్యంగానే పుడతారు. అందుచేతనే ఈ జాగ్రత్త అనవసరమని మనకు తోస్తుంది, సున్నం వల్లనే బిడ్డ బాగున్నాడన్న భ్రమ కూడా బలపడుతుంది. వెన్ను మూసుకోని బిడ్డను చేతుల్లోకి తీసుకున్న తల్లికి మాత్రం వేయిమందిలో మిగిలినవారు ఎలా ఉన్నారన్న లెక్క ఓదార్పునివ్వదు.

ఈమధ్య పిన్నిగారి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. "దీనికి ఇప్పుడే ఏం చెప్పమంటావు బాబూ?" అని అడిగారు. పిల్లలు కావాలని అనుకున్న నెలనుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టమని, నెల తప్పగానే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమని, పాలు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు మానవద్దని, సున్నం జోలికి పోవద్దని చెప్పాను. పెళ్ళీడు ఆడపిల్లలున్న ప్రతి ఇంటిలోను పెద్దలు ఈ నాలుగు మాటలు సిగ్గుపడకుండా, సమయం మించకుండా చెప్పగలరని ఆశిస్తున్నాను.